నాలుగింటికి కన్ను మూసే దాదిక

దాదిక వచ్చిన తొమ్మిదో రోజు పొద్దున్న ఇడ్లీ పళ్ళెం ముందు కూర్చున్న నాలుగేళ్ళ కుందన గొంతు సవరించుకుని, "చట్నీలో ఉప్పెక్కువైంది నాయనా. ఈ వయసులో మనకి పడదు" అంది.

తండ్రి గంగరాజు చేతిలో గరిటె ఆగిపోయింది. మూల నిలబడ్డ దాదిక వైపు చూశాడు. అది తన గుండ్రటి కంటిని ఓసారి ఆర్పి, వెలిగించింది. తప్పు చేసినవాడు చూపు తిప్పుకున్నట్టే అనిపించిందతనికి.

ఆ కాలంలో దాదిక లేని గడప లేదు. పిల్లకి నీళ్ళు పోసి, జడ వేసి, అన్నం తినిపించి, పడితే లేపి, అలిగితే బతిమాలే యంత్రం అది. ఆరేళ్ళలోపు పిల్లని దాదిక లేకుండా ఇంట్లో వదిలే తండ్రిని కొలువులోకి రానివ్వకూడదని ఈమధ్యే చట్టం కూడా వచ్చింది. గంగరాజు ఆలమూరు మబ్బులాకు మీద లస్కరు. పూర్వం కాలవలకి నీళ్ళు ఆపి వదిలే లాకులున్నట్టే ఇప్పుడు ఆకాశానికీ ఉన్నాయి. సముద్రం మీంచి తోలుకొచ్చిన మబ్బుల్ని వంతు ప్రకారం ఊరూరికీ వదలడం అతని పని. సాయంత్రం అయిదింటికి తలుపు దించకపోతే వాన వంతు లేని ఊరిమీద పడుతుంది. ఓసారి అలాగే ఓ పెళ్ళిపందిరి మీద పడితే పెళ్ళికొడుకు పీటల దాకా పడవలో వచ్చి తాళి కట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో సగమైనా నిజం ఉండాలి, పడవని చూసినవాళ్ళున్నారు మరి.

గంగరాజు భార్య పోయి మూడేళ్ళు. కొత్త దాదిక కొనే తాహతు లస్కరుకి లేదు. రామచంద్రపురంలో ఇస్మాయిల్ మరమ్మతు కొట్టు నుంచి పాతది తెచ్చుకున్నాడు. దాని మెడ మీద 'మనసు కడిగినది' అని ముద్ర. నచ్చకపోతే పదిరోజుల్లో తిరిగిచ్చేయవచ్చు. తిరిగిచ్చేస్తే మాత్రం పదకొండో రోజు నుంచి కొలువుండదు. ఉంచుకుంటే పిల్ల ఏమైపోతుందో తెలియదు.

మూడో రోజున కుందన నడుం మీద చెయ్యి వేసుకుని నడిచింది. అయిదో రోజున మండుటెండలో బొమ్మకి శాలువా కప్పమంది. అవన్నీ ఆటలే అనుకున్నాడు. ఇంకోటి మాత్రం అతని నిద్ర చెడగొట్టింది. పిల్ల ఎప్పుడు తిన్నదీ, ఎప్పుడు తుమ్మిందీ అంతా దాదిక కంటితో చూసి రాస్తుంది, అది అతని మణికట్టు పట్టీలో దినచర్యగా కనిపిస్తుంది. రోజూ సాయంత్రం నాలుగు దాటాక పది నిమిషాలు మటుకు అందులో ఏమీ ఉండదు.

ఇడ్లీలు అలాగే వదిలేసి ఇస్మాయిల్‌కి ఫోను చేశాడు.

"ఇది పూర్వం ఎక్కడ పనిచేసిందండీ?"

"ఎక్కడైతే ఏటండీ గంగరాజు గారూ, మనసు కడిగేశాను కదా! మూడు నీళ్ళు పోసి మరీ కడిగాను."

"మా అమ్మాయిని మామ్మగారూ అని పిలుస్తోందండీ!"

"అది మర్యాదండీ. మర్యాద ఎక్కువైందని గోలపెట్టినోణ్ణి మిమ్మల్నే చూస్తన్నాను."

"నాలుగింటికి పది నిమిషాలు కన్ను మూసుకుంటోంది. పిల్లని ఏం చేస్తోందో రాయడం లేదు."

ఇస్మాయిల్ నవ్వు ఆగింది. "పెద్దాసుపత్రిలో ముసలోళ్ళ వార్డులో ఉండేదండీ. కడిగితే జ్ఞాపకాలు పోతాయి గానీ అలవాట్లు పోవు. రేపటితో గడువైపోద్ది. చీటీ రాసి తెచ్చేయండి. లోపం ఏటో మాత్రం రాయాలండోయ్."

లోపం రాయవలసిన చోట ఖాళీ వదిలిన చీటీ జేబులో పెట్టుకుని, అయిదింటిదాకా సెలవడిగి, నాలుగు కాకముందే గంగరాజు తన ఇంటికే దొంగలా వచ్చాడు. పెరట్లో దొండపాదు వెనక నక్కాడు. ఎర్రచీమలు కాళ్ళ మీదికెక్కుతున్నా కదల్లేదు.

అరుగు మీద చాప పరిచి ఉంది. కుందన కాళ్ళు చాపుకుని కూర్చుంది. దాదిక కన్ను మూసుకుని ఆ చిన్న పాదాలు ఒత్తుతోంది.

"మోకాళ్ళెలా ఉన్నాయండీ మామ్మగారూ?"

"ఏం చెప్పమంటావమ్మా. నిన్న గోడెక్కాను కదా."

గంగరాజుకి నవ్వొచ్చింది. పెదవి కొరుక్కున్నాడు. పొద్దస్తమానం ఆ వరసలో పలకరిస్తుంటే పిల్లకి ఆ వరసలోనే జవాబు అలవాటైంది.

దాదిక గొంతు తగ్గించింది. "ఎవరినైనా చూడాలనుందాండీ?"

పిల్లల కోసం చేసిన దాదికలకి ఆకలా, నిద్రా, ఆటా అంటూ వెయ్యి ప్రశ్నలు తెలుసు. ఈ ప్రశ్న వాటిలో లేదు. పిల్లకి కావలసినవన్నీ ఆలోచించినవాళ్ళకి ఇదొక్కటీ తట్టలేదు.

కుందన చాపలోంచి ఓ పుల్ల లాగింది.

"నాన్నని."

"కబురు పెట్టమంటారాండీ? వచ్చేస్తారు."

"వద్దులేమ్మా. మబ్బుల కాడ పనుంటాది. తీరికేదీ పాపం. రేపు చూద్దాం."

"నిన్న కూడా రేపనే అన్నారండీ."

"ఆఁ. రేపే."

వార్డులో మంచాల మీద ఆ మాట ఎందరు అని ఉంటారో దాదికకి ఇప్పుడు గుర్తులేదు. అలాంటి మాట విన్నాక కాసేపు పాదాలొత్తాలనీ, దాన్ని ఎక్కడా రాయకూడదనీ మాత్రం దానికి తెలుసు. ఒత్తుతోంది.

గంగరాజు పాదు చాటు నుంచి లేచాడు. భుజాన రెండు దొండాకులు అతుక్కుని ఉన్నాయి. పిల్ల పరుగెత్తుకొచ్చి మెడ పట్టుకు వేలాడుతుందనుకున్నాడు. కుందన లేవలేదు. చాప మీద కొంచెం పక్కకి జరిగింది.

"వచ్చావా నాయనా. కూర్చో. మజ్జిగ తాగుతావా?"

గంగరాజు కూర్చున్నాడు. మజ్జిగ అక్కర్లేదని తల ఊపాడు.

"ఎండన పడి వచ్చావు" అంది. తండ్రి ముఖం వైపు చూడకుండా చాప పుల్లని విరుస్తూ అడిగింది. "ఈసారి ఎంతసేపుంటావు?"

మణికట్టు మీద పట్టీ వణికింది. మబ్బు లాకు దగ్గరికి వచ్చేసిందట. కాసేపాగి మళ్ళీ వణికింది. గంగరాజు పట్టీ విప్పి చాప కింద పెట్టాడు. పిల్లని ఒళ్ళోకి లాక్కున్నాడు. పాదాలొత్తే చేతులు ఖాళీ అయిన దాదిక ఏం చెయ్యాలో తోచక నిలబడింది.

ఆ సాయంత్రం వంతు లేని రెండు ఊళ్ళలో కుండపోతగా వాన కురిసింది. కళ్ళాల్లో మిరపకాయలు తడిసినవాళ్ళు లస్కరుని తిట్టుకుంటూ మబ్బులాకు దాకా పరుగెత్తుకొచ్చారు. తలుపు బార్లా తెరిచి ఉంది. అక్కడ ఎవరూ లేరు.