నిద్రపుచ్చే పని

“ఫేన్ ఆపితే నాను ఈ మంచం మీదే సచ్చిపోతాను. అప్పుడు నా సమాధి కాడ కూకుని సదువుకోమను ఆ కథలు,” అంది రాజకుమారమ్మ, విసనకర్రతో మనవరాలి గది వైపు చూపిస్తూ.

“అర్ధగంటే కదత్తా…” దయామణి నచ్చజెప్పబోయింది.

“పొద్దున్నించీ ఎన్ని అర్ధగంటలయ్యాయే? కుక్కరు ఎట్టొద్దన్నారు, ఎట్టనేదు. కోళ్ళని తోలేసారు. పోనీ పాట పాడుకుందామంటే అదీ వద్దన్నారు. దేవుడి పాట కూడా సప్పుడేనేటే?”

“నువ్వు పాడితే సప్పుడే అమ్మా,” అన్నాడు గుమ్మంలో కూర్చున్న కృపావరం. అతను తాపీమేస్త్రి. శనివారం పని లేక ఇంట్లో ఉన్నాడు. నవ్వించడానికన్న మాటే అయినా అతని ముఖంలో నవ్వు లేదు. “ఆపండి ఫేన్. ఈ ఒక్క రోజే కదా. రేపు సాయంత్రం సాల్మన్ బావ వస్తాడు. ఏదో ఒకటి తేలిపోతాది.”

దయామణి కూతురి గది వైపు చూసింది. లేచి ఫ్యాన్ ఆపింది. ఇల్లంతా ఒక్కసారిగా వేడెక్కినట్టయింది.

లోపలి గదిలో కూతురు ఇవాంజెలిన్, ఇంట్లో వాళ్ళకి ఇవా, బయటి చప్పుడు పడకుండా బొంత కప్పుకుని కూర్చుంది. బొంత కింద ఒక చిన్న మైకు, సెల్‌ఫోను, ఆమె గొంతు. అంతే ఆమె ఆఫీసు! ఎచ్చెర్లలో ఎం.ఏ. ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఏడాది కిందట ఎవరో స్నేహితురాలు చెబితే, పిల్లలకు నిద్రపోయే ముందు వినిపించే కథలు చదివి పంపడం మొదలుపెట్టింది. ఎక్కడో పట్నంలో ఉన్న కంపెనీ ఆ కథలను ఫోన్లలో పెడుతుంది. పై అధికారి లేడు, హాజరుపట్టీ లేదు. చదివిన కథకు చదివినంత. హాస్టల్ గదిలో అయిదుగురు పిల్లలు, ఎప్పుడూ గోల. అందుకని శుక్రవారం రైలెక్కి సుమ్మాదేవిలో దిగి, శని ఆదివారాలు ఇంట్లోనే చదివేది. పట్టాల పక్క ఇల్లు కాబట్టి రైలుకూ రైలుకూ మధ్య దొరికే నిశ్శబ్దమే ఆమెకు పని వేళ.

కృపావరానికి అది పనిలా కనబడలేదు. “నాను రోజు కూలీ. మీ అమ్మది జీడిపప్పు కేజీల లెక్క. ఈ ఇంట్లో ఒకలైనా నెల జీతం తెచ్చుకోవాలమ్మా,” అనేవాడు కూతురితో. కోపంతో కాదు… ఎండలో గోడలు కట్టీ కట్టీ అలసిపోయిన మనిషి కోరిక అది. దయామణి అన్న సాల్మన్ రాజు కోటబొమ్మాళిలో ఒక ప్రైవేటు స్కూల్లో గుమస్తా. అక్కడే మేనకోడలికి ఆఫీసు పని మాట్లాడిపెట్టాడు. సోమవారమే చేరాలి. యూనివర్సిటీ మానేయాలి. చదువు తర్వాత చూసుకోవచ్చన్నాడు.

“నాన్నా, ఈ సెమిస్టర్ అయితే నా చదువు అయిపోతాది. కంపెనీ వాళ్ళు కొత్తగా ఒక కథల వరస ఇచ్చారు. ఇది నచ్చితే ప్రతి నెలా నాకే ఇస్తామన్నారు. ఒక్కసారి చూడు నాన్నా…” అని నిన్న రాత్రి ఇవా కాళ్ళావేళ్ళా పడినంత పని చేసింది. కృపావరం చాలాసేపు ఆలోచించి, “సరే, ఆ కంపెనీవోలు ఏటంతారో సూద్దాం. నచ్చకపోతే మాత్రం మావ మాట ఇనాల,” అన్నాడు. అందుకే ఇవాళ ఇంట్లో ఈ కాపలా.

దయామణి ఆ గది తలుపు దగ్గర కాలు చాపుకుని కూర్చుని జీడిపప్పు ముందుకు లాక్కుంది. పలాస ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన పప్పు అది. పొట్టు తీసి సాయంత్రానికల్లా అప్పగించాలి. పప్పు పడితే మోగకుండా రేకు డబ్బా అడుగున పాత చీర ముక్క మడిచి పరిచింది. చిన్న చాకు అందుకుంది. ఇక ఏ చప్పుడూ లేదు. గూడ్సు బండి వెళ్ళిపోయింది. కొబ్బరాకుల గాలి కూడా సద్దుమణిగింది.

లోపల్నుంచి ఇవా గొంతు మొదలైంది…

నిద్ర రాని ఒక పడవ కథ అది. తోటి పడవలన్నీ ఇసుక మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతుంటే, ఆ చిన్న పడవ ఒక్కటే సముద్రాన్ని అడుగుతుంది, “నీకెప్పుడూ నిద్ర రాదా?” అని. దయామణికి కళ్ళు మూతలు పడ్డాయి. చేతులు మాత్రం వాటి దారిన అవి పోతున్నాయి. ఎక్కడెక్కడి ఇళ్ళో ఆమెకు కనిపించాయి. తను ఎన్నడూ చూడని ఊళ్ళు, ఎత్తైన మేడలు, నీలం రంగు దోమతెరలు… ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క దీపం ఆరిపోతోంది. ఒక్కొక్క పసిబిడ్డ అరచెయ్యి దిండు మీద మెల్లగా తెరుచుకుంటోంది. వాళ్ళెవరికీ సుమ్మాదేవి పేరు తెలియదు. ఈ రేకుల ఇల్లు తెలియదు. అయినా తన కూతురి గొంతు వాళ్ళ నుదుటి మీద చెయ్యి వేసి నిమురుతోంది! ఏ బిడ్డ తల్లి ఎక్కడ అలసిపోయి కూలబడిందో, ఆమె బదులు తన ఇవా కూర్చుని కథ చెబుతోంది. దయామణికి ఎందుకో కళ్ళు నిండాయి. ఇది పని కాకపోతే మరేమిటి దేవా… అనుకుంది. కానీ ఆ మాట మొగుడితో పైకి అనే ధైర్యం ఆమెకు ఏనాడూ లేదు.

సాయంత్రానికి కథలన్నీ వెళ్ళిపోయాయి. పప్పూ ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే ఇవా ఫోన్ చూసుకుంది. చూసి, గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

“ఏటయ్యింది తల్లీ?” అంది దయామణి.

“గొంతు బాగుందన్నారమ్మా. కానీ అన్ని కథల్లోనూ వెనకాల ఏదో చప్పుడు వస్తోందంట. ఇంతకుముందు పంపినవాటిలోనూ ఉన్నా సర్దుకున్నారంట, ఈ వరసకి కుదరదంట. చప్పుడు లేకుండా మళ్ళీ చదివి, వచ్చే ఆదివారంలోగా పంపితే తీసుకుంటామన్నారు. లేకపోతే వేరే వాళ్ళకి ఇచ్చేస్తారంట.”

“ఏ సప్పుడు?” అన్నాడు కృపావరం. “నిన్న ఈ ఇంట్లో దోమ కూడా అరవనేదు. ఏదీ, ఎట్టు.”

ఇవా ఫోన్లో కథ పెట్టింది. ముగ్గురూ తలలు దగ్గర చేర్చి విన్నారు. పడవ మాట్లాడుతోంది, సముద్రం మాట్లాడుతోంది.

“ఏటీ నేదు,” అన్నాడు కృపావరం.

“నా సెవులు బాగానే ఉన్నాయి. ఏ సప్పుడూ నేదు,” అంది రాజకుమారమ్మ. “పని ఇవ్వడం ఇష్టం నేక అంతన్నారు.”

ఇవా చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని విన్నది. వింటూ వింటూ ఒక్కసారి తల్లి వైపు చూసి, గబుక్కున చూపు తిప్పేసుకుంది.

“ఎలక అయ్యుంటాది,” అంది మెల్లగా.

ఎలుక! దయామణికి ఆ చూపు అర్థం కాలేదు. కూతురి చెవుల నుంచి వాటిని తీసి తను పెట్టుకుంది.

మొదట ఇవా గొంతే వినబడింది. ఆ తర్వాత గొంతు వెనకాల, చాలా లోపల… గీర్, గీర్, టప్. గీర్, గీర్, టప్. చాకు రెండు గీతలు గీస్తుంది. పప్పు గుడ్డ మీద పడుతుంది. ఎక్కడా ఆగదు. కథలో పడవకు నిద్ర వచ్చినా ఆగదు, సముద్రం జోల పాడినా ఆగదు. దయామణి చేతులు ఒళ్ళో బిగుసుకుపోయాయి. తనే! పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచి కడుపుతో ఉన్నప్పుడూ, జ్వరంలో ఉన్నప్పుడూ, తుఫానుకు కప్పు ఎగిరిపోయిన మర్నాడూ ఇంట్లో మోగుతూనే ఉన్న చప్పుడు అది. ఫ్యాన్ ఆపారు, కుక్కరు ఆపారు, కోళ్ళను తోలారు. ఈ చేతుల్ని ఆపాలని మాత్రం ఎవరికీ తోచలేదు… తనకు కూడా తోచలేదు! ఊపిరి తీసుకోవడం ఆపాలని ఎవరికి తోస్తుంది?

పెరట్లో బట్టలు తీస్తున్న కూతురి దగ్గరికి వెళ్ళింది.

“నిన్ననే ఆపమని ఎందుకు సెప్పనేదే?”

ఇవా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “పంపేముందు మళ్ళీ మళ్ళీ విన్నానమ్మా. నాకూ వినపడలేదు. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడు మీదే కదా నిద్రపోయాను. అది ఆగితేనే మెలకువ వచ్చేది నాకు… వాళ్ళు చెప్పాక గానీ తెలియలేదు.”

“మరి ఎలక అన్నావేటి?”

“నీ వల్ల పోయిందని నాన్న అనకూడదని.”

దయామణి కూతురి తల దగ్గరికి తీసుకుంది. ఆమెకు దుఃఖం రాలేదు. ఏదో తీరం కనబడినట్టు మనసు తేలికగా, వింతగా ఉంది. అందరి పిల్లల సంగతీ ఏమోగానీ, తన పిల్లను ఇన్నేళ్ళూ నిద్రపుచ్చింది తన చేతుల పనే!

చీకటి పడే వేళకు సాల్మన్ రాజు వచ్చాడు. వస్తూనే, “ఏమ్మా మేడమ్, రేపట్నించి ఆఫీసర్‌వి. మావని మర్చిపోకు,” అని మేనకోడల్ని ఆటపట్టించాడు. ఇవా నవ్వలేకపోయింది. కృపావరం జరిగింది చెప్పి, “ఈ ఇంట్లో సప్పుడు నేకుండా ఎలాగవుతాది బావా? రేపు తీసుకెళ్ళు,” అన్నాడు నీరసంగా.

అందరికీ అన్నాలు పెడుతున్న దయామణి గరిటె గిన్నెలో పెట్టింది. కూతురి ఫోను తెచ్చి, ఇయర్‌ఫోన్లు మొగుడి చెవులకు తగిలించింది.

“మాటలు ఒగ్గీసి, ఎనకాల ఇను,” అంది.

కృపావరం విన్నాడు. చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. “ఇది… నువ్వేనా?” అన్నాడు.

“నానే. అది పనేనా, కాదా?”

“నీది పని కాకపోవడమేటి? ఆ పని నేకపోతే ఈ ఇల్లు ఎక్కడిది?”

“నాకూ నెల జీతం నేదు కదా.”

కృపావరం ఇయర్‌ఫోన్లు తీసి, జాగ్రత్తగా కూతురి పక్కన పెట్టాడు.

దయామణి అన్నకు మరో గరిటె కూర వేసి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే చెప్పింది. “అన్నా, స్కూలోలకి మా పిల్ల పనిలో ఉందని సెప్పు. రేపు అది ఎచ్చెర్ల ఎల్తాది. సదువు పూర్తి సేత్తాది, కథలూ సదువుతాది. శుక్రవారం రాత్రి వస్తాది. అది గదిలో కూకున్నంతసేపు నాను పప్పు ముట్టను.”

ఇవా తలెత్తి తల్లిని చూసింది. కృపావరం తల అడ్డంగా ఊపలేదు. వంచిన తలతోనే అన్నం కలుపుకున్నాడు.

“మరి అంతసేపూ ఏటి సేత్తావే?” అంది రాజకుమారమ్మ, నిజంగానే ఆశ్చర్యపోతూ.

“ఏటీ సెయ్యనత్తా. ఊరికే కూకుంతాను.”

“ఊరికే కూకోడం నీకు సేతనవుతాదేటే?”

దయామణి ఒక్క క్షణం తన రెండు చేతుల వైపూ చూసుకుంది.

“నేర్చుకుంతానత్తా,” అంది.