చుక్క కారని ఇల్లు

ఆ వాక్యం పదకొండో పేజీలో, కింది నుంచి నాలుగో వరుసలో ఉంది. 'రెండో కోడలు ఇల్లు కాదనుకుని వెళ్ళిపోయిన నాటి నుంచే మా ఇంటికి చెడ్డరోజులు మొదలయ్యాయి. మూడేళ్ళు తిరక్కుండా నడిమి గోడ కూలిపోయింది.' కూతురు ఆ అచ్చు కాగితాలను తల్లి కుట్టుమిషను మీద పెట్టి, ఎర్రసిరా కలంతో ఆ వరుస చూపించింది. అచ్చాఫీసులో తప్పులు దిద్దడం ఆ పిల్ల ఉద్యోగం. కూలిపోయిన ఇంటి చరిత్ర రాసి అచ్చుకిచ్చిన పెదనాన్నకు, తమ్ముడి కూతురు అక్కడే పనిచేస్తోందని తెలియదు పాపం! తెలిస్తే ఇంకో అచ్చాఫీసు వెతుక్కునేవాడే.

"గురువారం అచ్చవుతుందమ్మా. ఇది నిజమేనా? నీ వల్లేనా?"

ఆ తల్లి కుట్టు ఆపింది గానీ నోరు విప్పలేదు. సమాధానం లేక కాదు... ఉంది, ఇరవై ఏళ్ళుగా గొంతులోనే ఉంది! ఎవరు ఏమన్నా పడింది. తోడికోడలి బంధువులు వీధిలో ఎదురై మొహం తిప్పుకున్నా పడింది. కానీ కన్నకూతురు ఎదురుగా నిలబడి 'నీ వల్లేనా' అని అడిగితే ఎలా పడుతుంది? తెల్లారేసరికి ఆమె మనసు గట్టిపడింది. తలుపుకు తాళం పెట్టి, కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది.

ఆ ఇల్లు కట్టింది ఆమె భర్త తాతగారు. పొలాల మధ్య, చుట్టూ పెద్ద చెట్లతో, పదకొండు గదుల ఇల్లు. రెండు పెంకు పైకప్పులు పక్కపక్కనే వాలుగా దిగి, సరిగ్గా నడిమి గోడ మీద కలుస్తాయి. వచ్చిన ప్రతివాణ్ణీ ఇల్లంతా తిప్పి, "నా ఇంట్లో చుక్క కారదు" అని గోడ తట్టి చూపించడం ఆయనకు సరదా. మొదటి వానకే ఆ గోడ చెమ్మగిల్లింది! రెండు కప్పుల నీళ్ళూ వచ్చి పడే రేకు కాలువ ఇరుకైపోయింది, ఆకులు పడితే చాలు పూడుకుపోతుంది. ఆ సంగతి కనిపెట్టింది ఆయన భార్య. చెప్పేస్తే పోయేది. కానీ పదిమందిలో అంత గొప్ప చెప్పుకున్న మనిషి మొహం చిన్నబోతుందని, ఆ మహాతల్లి ఆయన లేని వేళ చూసి, సామాన్ల గదిలోంచి నిచ్చెన వేసుకుని, అటకలో మోకాళ్ళ మీద పాకి, ఇనప గరిటెతో ఆకులూ బురదా ఎత్తి గోనెసంచిలో నింపింది. చిల్లులు పడ్డచోట తారు పూసిన గుడ్డ అతికింది. వానాకాలం అంతా వారానికోసారి అదే పని. ఓపిక తగ్గాక కోడలికి నేర్పింది, మగవాళ్ళ చెవిన పడకూడదని మాట తీసుకుని మరీ. తాతగారు పోయారు, ఆయన కొడుకూ పోయాడు, ఆ మాట మాత్రం పోలేదు. ఎవరి పరువు కాపాడుతున్నారో ఆలోచించే తీరిక ఆ ఇంటి ఆడవాళ్ళకు ఎప్పుడుందని!

రెండో కోడలు కాపురానికొచ్చిన ఏడాదే అత్తగారు అదే మాట తీసుకుని ఆమె చేతిలో గరిటె పెట్టింది. పెద్దకోడలు కాస్త భారీ మనిషి, అటక కంతలో పట్టదు. అందుకని ఆవిడకు అసలు చెప్పనే లేదు. ఈమె పీచులా ఉండేది, గబగబా పాకేసేది. కడుపుతో ఉన్నప్పుడు కూడా ఆరో నెల దాకా ఎక్కింది.

భర్త జబ్బుచేసి పోయాక, పట్నంలో కుట్టు నేర్పే ఉద్యోగం వచ్చింది. ఆరేళ్ళ పిల్లను తన కాళ్ళ మీద నిలబడి పెంచుకుంటానంది. సర్వేయరు బావగారికి కోపం నెత్తికెక్కింది. ఈ ఇంటి కోడలు ఉద్యోగానికి పోతే మళ్ళీ ఈ గడప తొక్కనక్కర్లేదన్నాడు. ఆమె ఒక్కసారి అత్తగారి వైపు చూసింది. 'ఇది లేకపోతే ఇల్లు నిలవదురా' అని ఒక్కమాట అంటుందేమోనని... ఆవిడ నేల చూపులు చూసింది. ఆమె పిల్లను చంకనేసుకుని గడప దాటింది.

ఇప్పుడు బావగారి కాపురం పట్నానికి అవతలి చివర, మూడో అంతస్తులో. తలుపు తీసిన తోడికోడలు మంచినీళ్ళు తెచ్చింది. కిటికీ పక్క మంచం మీద ఎనభై నాలుగేళ్ళ అత్తగారు కూర్చుని ఉంది.

"అత్తయ్యా, మీకిచ్చిన మాట నాకు తిరిగిచ్చెయ్యండి" అంది ఆమె, పదకొండో పేజీ ఆవిడ ముందు పెట్టి.

ఆవిడకు వెంటనే అర్థమైంది. పెద్దాడికి తాతంటే ప్రాణమనీ, ఈ పుస్తకం కోసం రెండేళ్ళు కళ్ళు పోగొట్టుకున్నాడనీ, ఈ వయసులో వాడి గుండె తట్టుకోలేదనీ ఏవేవో చెప్పింది. ఆమె అన్నీ విన్నది. తనంతట తను మాట తప్పననీ, అలాగని ఉత్తచేతులతో లేవననీ చెప్పి, మంచం ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

అలా కూర్చుందంటే కూర్చుంది! భోజనానికి లేవమన్నా లేవలేదు. బయటినుంచి వచ్చిన బావగారు గుమ్మంలోనే ఆగిపోయి, ఎందుకొచ్చావని అడిగితే అత్తయ్యను అడగండి అంది. ఆయన విసుక్కుని తన బల్ల దగ్గర కూర్చుని కాగితాలు తిరగేశాడు. ఇంటి నక్షా, గదుల కొలతలు, ఆఖర్న ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ పట్టిక: ఎవరు ఏ ఏడు వచ్చారో, ఏ ఏడు వెళ్ళారో. మనిషి ఏది రాసినా కొలిచి రాస్తాడు. మధ్యాహ్నం మూడు దాటింది. అత్తగారు మూడుసార్లు గోడవైపు తిరిగి పడుకుంది, మూడుసార్లూ ఇటు తిరిగితే కోడలు అక్కడే ఉంది.

చివరికి ఆవిడే లేచి కూర్చుంది. "ఒరేయ్ పెద్దాడా, ఇలా రా. మీ తాత కట్టిన కప్పు మొదటి వానకే కారిందిరా."

మొత్తం చెప్పింది. నిచ్చెన, గరిటె, గోనెసంచి... ముగ్గురు ఆడవాళ్ళు అరవై ఏళ్ళు ఆ గోడను ఎలా నిలబెట్టారో చెప్పింది. ఆయన నమ్మలేదు. ఇది పోయాక మరి మొదటి రెండేళ్ళు ఎందుకు కారలేదని గదమాయించాడు, ఎంతైనా లెక్కల మనిషి.

"పోతే కదరా! దానికి సెలవున్న రోజు, నువ్వు పనికెళ్ళాక, పెరటి తలుపు నేనే తీసేదాన్ని. పొమ్మన్న ఇంటికే బస్సెక్కి వచ్చి పాకింది. మూడో ఏడు నిచ్చెన మీంచి జారి మోకాలు విరగ్గొట్టుకుంది. బస్సులోంచి పడ్డానని అందరికీ చెప్పింది, నాకోసం. అది మంచాన పడ్డ ఆ వానాకాలమే కదరా గోడ పడింది."

తోడికోడలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావగారి చూపు ఆమె కాలి మీద నిలిచింది. మోకాలి దగ్గర వంగని ఆ కాలు కుర్చీ ముందు చాపినట్టే ఉంది. ఆయన కళ్ళు నిండాయి.

అత్తగారు చేతిని కోడలి వైపు చాచింది. "నిన్ను ఆపే మాట ఆ రోజు నా నోట్లోనే ఉందమ్మా. చచ్చిపోయిన మామగారి గొప్ప కోసం నిన్ను పోనిచ్చాను."

"తెలుసు అత్తయ్యా. ఆ మాట కోసమే మీ మొహం చూశాను" అంది ఆమె. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే ఆ చేతిని పట్టుకుంది. క్షమించానని అనలేదు, చెయ్యి మాత్రం వదల్లేదు.

బావగారు నక్షా తెచ్చి ఆమె ఒళ్ళో పరిచాడు. పదకొండు గదులూ అంగుళాలతో సహా ఉన్నాయి. రెండు కప్పులు కలిసేచోట ఒక్క గీత, అంతే. నేనెప్పుడూ ఎక్కి చూడలేదమ్మా, ఎంత వెడల్పుంటుందని తగ్గిన గొంతుతో అడిగాడు. ఆమె మోచేతి నుంచి మణికట్టు దాకా చూపించింది. ఆయన టేపుతో ఆ చేతిని కొలిచి, గీత చెరిపి, కాలువ గీశాడు. తర్వాత అచ్చాఫీసులో తప్పులు దిద్దేది తమ్ముడి కూతురేనని ఆమె చెప్పగా విని, అక్కడికి ఫోన్ చేసి, ఆ పిల్లను పిలిపించి, పుస్తకం ఆపమన్నాడు. పదకొండో పేజీ తప్పు రాశానని ఆ పిల్లకు తన నోటితోనే చెప్పాడు.

ఆపైన పట్టిక తీశాడు. రెండో కోడలి పేరుకు ఎదురుగా, ఇల్లు విడిచిన సంవత్సరం ఉన్నచోట అడ్డంగా కొట్టేశాడు.

"ఎప్పటిదాకా ఉన్నావని రాయనమ్మా?"

"నిచ్చెన మీంచి పడేదాకా ఉందని రాయండి బావగారూ. అంతకన్నా ఒక్కరోజు ఎక్కువొద్దు, తక్కువా వద్దు."

ఆయన తేదీ అడిగాడు. ఆమె తడుముకోకుండా చెప్పింది.