నాలుగు లేని లిఫ్ట్

శవం నాలుగో అంతస్తులో దొరికింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

కొరియాలోని ఇంచియాన్‌లో ఆ అపార్ట్‌మెంట్ కట్టించిన ముసలాయన, తాక్ సాంగూది. పాత వైర్లు అంటుకుని, పొగకు ఊపిరాడక పోయాడు. ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేసింది అల్లుడు జున్‌సిక్. మామ ఐదో అంతస్తులో ఉన్నాడన్నాడు. నిచ్చెన రోడ్డు మీంచి ఐదో అంతస్తుకే లేచింది. అక్కడెవరూ లేరు. కింది కిటికీ పగలగొట్టేసరికి ఆలస్యమైపోయింది.

"కావాలనే అబద్ధమాడాడు," అంది కూతురు మిర్యాంగ్. అంత్యక్రియల హాల్లో తండ్రి ఫోటో పక్కన మొగుణ్ణి నిలబడనివ్వలేదు.

ఇన్‌స్పెక్టర్ ప్యో అతణ్ణి వరండాలోకి లాక్కెళ్లాడు.

"ఫోన్ ఎక్కణ్ణించి చేశావు?"

"షాపు నుంచి సార్. పొగ వస్తోందని మామయ్యే నాకు ఫోన్ చేశాడు."

"ఏ అంతస్తని చెప్పావు?"

"ఐదు. ఆయనుండేది ఐదులోనే! ఏళ్ల తరబడి క్యారియర్ మోశాను, నాకు తెలీదా?"

"మీ ఇద్దరికీ పడదటగా?"

"తిట్టేవాడు సార్. తిడితే చంపుకుంటామా?"

ప్యో నమ్మాడు. నమ్మితే సరిపోదు, సాక్ష్యం కావాలి.

మధ్యాహ్నం బిల్డింగ్‌కు వెళ్లాడు. మెట్ల మీది నంబర్లు కాలిపోయాయి. లిఫ్ట్‌లో బటన్ల మీద మసి. చేతిరుమాలుతో తుడిచాడు. ఒకటి. రెండు. మూడు. దాని పైన ఐదు.

కొరియా వాళ్ల నోట నాలుగూ 'సా'యే, చావూ 'సా'యే. చైనా లిపిలో అక్షరాలు వేరు, పలుకు మాత్రం ఒకటే. అందుకే అంకెను ఎగరగొట్టేస్తారు. ప్యో ఉండే బిల్డింగూ అంతే. ఇంతసేపూ తట్టనందుకు చెంపలు వేసుకోవాలనిపించింది.

సాయంత్రం హాల్లో భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టాడు.

"మీ ఆయన తలుపు మీదున్న నంబరు చెప్పాడమ్మా. ఫైర్ వాళ్లు కిటికీలు లెక్కపెట్టారు. అబద్ధం ఎవరూ ఆడలేదు."

మిర్యాంగ్ ముఖం పాలిపోయింది.

"ఆ నంబర్లు నాన్నే వేయించాడు సార్, నాకూ తట్టలేదు. నా ఇంట్లో చావన్న మాటే ఉండకూడదనేవాడు."

ఆమె లేచింది. మొగుడి చొక్కా చెయ్యి పట్టి లాక్కొచ్చి, ఫోటో పక్కన నిలబెట్టింది. అప్పుడు ఏడ్చింది.

"మరి ఎవర్ని అరెస్ట్ చేస్తారు సార్?" అని అడిగింది.

ప్యో లేచాడు. పరామర్శకు వచ్చినవాళ్లందరికీ పెట్టే వేడి మాంసం చారు ముట్టకుండానే, ఫోటోకు వంగి నమస్కరించి బయటపడ్డాడు.

వాళ్లది మూడో నంబర్ హాలు. ఆ పక్క హాలు తలుపు మీద ఐదు అని ఉంది.