కుప్పకెక్కిన చేను

“ఇవాళా బ్యాంకులో డబ్బు లేదే రావమ్మా!... మధ్యాహ్నానికే అయిపోయిందంటున్నారు,” అంటూ ఈశ్వరప్రసాద్ అరుగు మీద కూలబడ్డాడు. భార్య రావమ్మ చెంబుతో నీళ్ళందించింది. పెద్ద నోట్లు రద్దయిన దగ్గర్నుంచీ నందివాడలో ఇదే అవస్థ. కోసిన వరిచేను ఇంకా కుప్ప వెయ్యకుండా పనల మీదే ఉంది. వాయుగుండమని టీవీలో ఒకటే హెచ్చరికలు. “పాత నోటిస్తే కొట్లో బియ్యం ఇవ్వట్లేదమ్మా, పిల్లలకేం పెట్టుకోవాలి?” అని కూలీల పెద్ద పాపాయమ్మ, చెల్లే నోట్లిస్తేనే పనలెత్తుతామని పొద్దున్నే చెప్పేసింది. ఆమె మాటలో తప్పేముంది?

“ఏవండీ... గుడివాడ వెళ్ళి పూర్ణిమనడిగితేనో?”

పూర్ణిమ ఆయన తమ్ముడు శ్రీకాంత్ భార్య. గుడివాడలో టిఫిన్ హోటలు వాళ్ళది. చెప్పకుండా తమ్ముడు తన వాటా పొలం పరాయివాళ్ళకమ్మేశాడని అతనితో ఈయనకి ఏళ్ళ తరబడి మాటల్లేవు.

“వాడి గడప తొక్కావంటే నా మీద ఒట్టే!” అని అరిచాడాయన.

ఏనాడూ భర్త మాట జవదాటని ఇల్లాలు! కానీ తూర్పున కమ్ముకొస్తున్న మబ్బు చూసి, దేవుడి ముందు చెంపలు వేసుకుని, ఒట్టు తీసి గట్టున పెట్టి ఆటో ఎక్కింది.

“అక్కా!...” పూర్ణిమ పిండి చేతులతోనే ఎదురొచ్చి వాటేసుకుంది. సంగతి వింటూనే గల్లాపెట్టె సంచిలో బోర్లించింది. అన్నీ పదులూ, ఇరవైలూ, వందలూ!

“చిల్లర లేకుండా హోటలెట్లా నడుపుతావే?”

“మూసేస్తాం అక్కా! ఇడ్లీ ఇవాళ కాకపోతే రేపమ్ముకుంటాం... మొలకెత్తిన ధాన్యం ఎవరు కొంటారు?”

శ్రీకాంత్ షట్టరు దించి వాళ్ళతో బయల్దేరాడు.

కూలి చేతిలో పడగానే పాపాయమ్మ మనుషులు చేలో దిగారు. తమ్ముడు పనలు నెత్తినెత్తుకోవడం చూసి ఈశ్వరప్రసాద్ గట్టు మీద కొయ్యబారిపోయాడు. తర్వాత ఏమనుకున్నాడో, తలకి తువ్వాలు చుట్టుకుని తనూ దిగాడు. ఆఖరి కుప్ప మీద టార్పాలిన్ బరకం కప్పేసరికి చినుకులు మొదలయ్యాయి!

“ఒరేయ్ తమ్ముడూ... తడిసిపోతున్నావు, ఇంటికి పదరా!” ఆయన తలకున్న తువ్వాలు విప్పి తమ్ముడి మీద కప్పాడు. “అమ్మా పూర్ణిమా, నా మూలాన నీ హోటలు...”

“ఆ సంగతి తర్వాత బావగారూ! ముందు అన్నం పెట్టించండి, ఆకలి దంచేస్తోంది!”

బయట కుండపోత! అన్నదమ్ములిద్దరికీ పక్కపక్కనే పీటలు వేసి వడ్డిస్తుంటే రావమ్మ కళ్ళు నిండిపోయాయి... తుడుచుకోవాలనైనా అనిపించలేదామెకి!