అట్లపెనం పాడిన జోల

"ఈ నెలాఖరు దాకా చూస్తాను. అప్పటికీ పిల్లలు పెందలాడే పడుకోకపోతే తైనాన్‌లో మీ అమ్మ దగ్గరికి పంపించేద్దాం!"

భర్త జెన్‌హాన్ తేల్చి చెప్పేసరికి బీయున్ గుండెల్లో రాయి పడింది. పంపించడమా! కన్నబిడ్డల్ని చూడ్డానికి పండక్కీ పబ్బానికీ రైలెక్కి వెళ్ళాలా తను?

అలాగని అతన్నీ తప్పు పట్టలేదు. కీలుంగ్ రాత్రి బజారులో వాళ్ళది ఆల్చిప్పల అట్ల కొట్టు; చిప్పలోని మాంసాన్ని పిండిలో కలిపి వేసే అట్లు. పిల్లలిద్దరూ ఆ కొట్టు బల్ల కిందే పెరిగారు. అక్కడే ఆటలు, అక్కడే అన్నం, అక్కడే కునుకు... ఇప్పుడు పెద్దాడు బొయాన్ బళ్ళో చేరాడు. రోజూ పాఠం మధ్యలో బెంచీ మీద తల వాల్చేస్తున్నాడు! "మీవాడికి నిద్ర చాలట్లేదమ్మా" అని టీచరమ్మ అన్నప్పుడు బీయున్ సిగ్గుతో చితికిపోయింది.

అందుకే కొట్టు భర్తకీ అత్తగారికీ వదిలేసి సాయంత్రాలు ఇంట్లో ఉండిపోయింది. తలుపులు బిగించింది. దీపం ఆర్పింది. టిక్కుటిక్కుమంటోందని గోడ గడియారం కూడా ఆపేసింది! ఏం లాభం? "అమ్మా, ఇంట్లో భయమేస్తోందే..." అని చిన్నది షిన్‌యూ ఒకటే ఏడుపు. పైగా అత్తగారి దెప్పులు: "మా వాడు ఆ బల్ల కిందే పడుకుని ఇంతవాడయ్యాడు. నీ పిల్లలేమన్నా రాజుగారి పిల్లలా?"

ఆ సాయంత్రం అత్తగారు పిండి అయిపోయిందని ఇంటికొచ్చింది. చీకట్లో ముగ్గురూ ఏడుస్తున్నారు!

"నేనే ఓడిపోయానత్తయ్యా! రేపే వీళ్ళని తైనాన్ పంపడానికి బట్టలు సర్దేస్తాను..." బీయున్ వెక్కివెక్కి ఏడ్చింది.

అత్తగారు వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. నూనె చుయ్యిమంది. పెనం మీద అట్లకాడ టకటకా మోగింది. "రండి బాబూ రండి! వేడివేడి ఆల్చిప్పల అట్టు! కారం దట్టించమంటారా?"

"అయ్యో, మీకేమైనా మతి పోయిందా! పిల్లలు పడుకునే వేళ..."

"నువ్వు నోరు మూసుకుని వాళ్ళ వైపు చూడవే!"

చూసింది. షిన్‌యూ ఏడుపు ఆగిపోయింది. బొయాన్ రెప్పలు బరువుగా వాలిపోయాయి. ఆ గోలలో, ఆ నూనె వాసనలో ఇద్దరూ హాయిగా నిద్రపోయారు! బీయున్ వాళ్ళకి దుప్పటి కప్పింది. నవమాసాలు మోసి కన్న తనకి తెలియలేదే, తన పిల్లలకి జోలపాట ఏదో!

ఆ తర్వాత రోజూ సాయంత్రం అత్తగారు ఇంటికొచ్చి పెనం మోగించేది. నిన్నటికన్నా కాస్త ముందుగా, నిన్నటికన్నా కాస్త మెల్లగా... నెలాఖరుకి చప్పుడుతో పనే లేకపోయింది. వీధిలో వెలుగు పూర్తిగా పోకముందే పిల్లలు పక్క ఎక్కేశారు. "ఇక తైనాన్ ఊసెత్తను" అన్నాడు జెన్‌హాన్.

ఆ వేళ అత్తగారు పిల్లల పక్కనుంచి కదల్లేదు.

"కొట్టుకి పొద్దుపోతోందత్తయ్యా..."

"ఉండవే! నీ మొగుణ్ణి పెంచినన్నాళ్ళూ వాడు నా వెనక, నేను పెనం ముందు. తిరిగి చూసేసరికి ఎప్పుడూ నిద్రపోయే ఉండేవాడు. ఇదుగో, చూడు... ముందు గుప్పిట వదులవుతుంది. తర్వాత పెదవులు విడతాయి. ఒక పెద్ద నిట్టూర్పు... ఎంత వింతే! బిడ్డ నిద్రలోకి జారుకోవడం ఇన్నేళ్ళొచ్చాక ఇప్పుడు చూస్తున్నానే అమ్మా!"

ఆమె కన్నీళ్ళు ధారలు కట్టాయి. బీయున్ ఆమె భుజాన ఉన్న తువ్వాలు మెల్లగా తీసి తన నడుముకి చుట్టుకుంది.

"మీరు చూస్తూ కూర్చోండి అత్తయ్యా. అట్లు ఇవాళ నేను వేస్తాను."