ఉర్హో వంతు ఆవిరి

శనివారం మధ్యాహ్నం భోజనం కాగానే ఐలి పెరట్లోని ఆవిరిగది పొయ్యి అంటించింది. నికెల్ గని ఊళ్లో, ఫిన్లాండు నుంచి వలసొచ్చిన వాళ్ల వీధి అది. శనివారమొస్తే ప్రతి ఇంటి వెనకా ఒక గొట్టం పొగ కక్కుతుంది. జనవరి నెల. మంచు కిటికీ అంచు దాకా పేరుకుని ఉంది. అయిదు కొట్టకుండానే చీకటి పడిపోయే రోజులు.

తను ముందు స్నానం ముగించుకుని, జుట్టు తుడుచుకుంటూ వంటింట్లోకొచ్చింది. తమ్ముడు వెయిక్కో బల్ల దగ్గర కూచుని కాఫీ తాగుతున్నాడు. చేతిలో తువ్వాలు. తువ్వాలు మీద ఎర్రటి మరకలు.

"మళ్లీ కారుతోందా?"

"కొంచెమే అక్కా. ఎండుగాలికి."

"ఎండుగాలి నీ ఎడం ముక్కునే వెతుక్కుంటూ వస్తుందేంరా? కుడిదానికి దారి తెలీదా?"

వాడు నవ్వాడు. నవ్వితే ఎడం చెంప కదల్లేదు. పొద్దున గడ్డం గీసుకుంటూ ఆ చెంప కోసుకున్నాడు, తెలియను కూడా తెలియలేదు. ఎడం కంట్లోంచి ఎప్పుడూ నీళ్లే. యాలకుల రొట్టె పొయ్యిలో మాడిపోతున్నా వాసన పట్టడు. అయిదు నెలలుగా ఇదే వరస. నికెల్ కంపెనీలో ఖనిజం వేయించే షెడ్డులో పదకొండేళ్లు ఆ దుమ్ము పీల్చాడు మరి.

కంపెనీ డాక్టరు హాలొవెల్ ముందు చుక్కల మందిచ్చాడు. తరవాత ఉప్పునీళ్లతో కడుక్కోమన్నాడు. ఇప్పుడు లోపల కండ పెరిగిందంటున్నాడు. సోమవారం పదింటికి వస్తే కుర్చీలోనే చిన్న ముక్క గిల్లి పరీక్షకి పంపిస్తాడట.

చిన్న ముక్క. ఆ మాట వింటేనే ఐలికి ఒళ్లు మండిపోతుంది. మూడేళ్ల కిందట ఆమె మొగుడు ఉర్హోకి కూడా ఇదే మాట చెప్పాడు. అదే డాక్టరు, అదే కుర్చీ, అదే షెడ్డు దుమ్ము. పట్టకారు పెట్టి గిల్లాడు. కొళాయి విప్పినట్టు వచ్చింది రక్తం. గజాల కొద్దీ గుడ్డ కుక్కారు. ముందు నుంచి ఆగితే వెనక నుంచి గొంతులోకి దిగింది. నలభై నిమిషాలు. ఐలి అతని కోటు ఒళ్లో పెట్టుకుని బయట బెంచీ మీద కూచునుంది. కాగితం మీద గుండె ఆగి పోయాడని రాశారు. ఒంట్లో రక్తమే లేకపోతే గుండె దేన్ని తోడుతుంది?

ఆ గది కడిగిన నర్సు పెరటి తలుపు దగ్గర ఐలి చెయ్యి పట్టుకుని గుసగుసగా చెప్పింది. "ముక్కులో గడ్డ కనబడితే ముందు దానికి రక్తం ఎక్కణ్ణుంచి వస్తోందో చూడాలమ్మా. చూడకుండా గిల్లకూడదు. టొరంటోలో రక్తనాళాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే ఫొటోలు తీస్తారు. నేను చెప్పానని చెప్పకు."

ఐలికి డాక్టరు మీద కోపమే. కానీ మొగుడి మీద అంతకంటే ఎక్కువ. అయిదు నెలలు రక్తంతో దిళ్లు తడిపిన మనిషి, పట్నం పోదామంటే ప్రతిసారీ ఒకటే మాట. "డాక్టరుకి తెలీదా." ఆ మాట అంటూనే కుర్చీలో కూచున్నాడు. అందుకే ఆమె అతనికి మూడేళ్లుగా ఆవిరి వదల్లేదు.

అందరి స్నానాలూ అయ్యాక ఆవిరిగది పొయ్యిలో కాలే రాళ్ల మీద ఆఖరిగా ఒక గరిటె నీళ్లు పోస్తారు. కొత్త బకెట్టూ ఉతికిన తువ్వాలూ పెట్టి తలుపేస్తారు. ఆ వంతు పోయినవాళ్లది. చల్లారేదాకా లోపలికి ఎవరూ పోరు. ఆ గదిలో తిట్టుకోరు, గొంతు పెంచరు. ఐలి వాళ్లమ్మకి వదులుతుంది, నాన్నకి వదులుతుంది. ఉర్హోకి మాత్రం లేదు.

"రేపు మధ్యాహ్నం బస్సుకి రెండు సీట్లు చెప్పాను. టొరంటో పోతున్నాం," అంది.

"సోమవారం డాక్టరు రమ్మన్నాడుగా. పోకపోతే మా మేస్త్రీ ఊరుకుంటాడా?"

"మేస్త్రీకేం, నీ శవం మీద పూలగుత్తి పెట్టి ఊరుకుంటాడు. మీ బావకి పెట్టాడుగా."

వెయిక్కో లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని ఆవిరిగదికి పోయాడు. "ఆ వేడిలో కూచుంటేనే ముక్కు కాస్త తెరుచుకుంటోంది," అని గొణుక్కుంటూ పోయాడు.

ఐలి చారు పొయ్యి మీద పెట్టింది. గిన్నెలు కడిగింది. బయట వెలుతురు నీలంగా మారి, ఆరిపోయింది. అయిదున్నర. వాడు రాలేదు.

బూట్లు వేసుకుని పెరట్లోకి దిగింది. మంచు కాళ్ల కింద కరకరమంటోంది. ఆవిరిగది చిన్న కిటికీలో దీపం పసుపుపచ్చగా వెలుగుతోంది. ముందుగదిలో వాడి బట్టలు మేకుకి వేలాడుతున్నాయి.

వాసన.

తడిచెక్క వాసన కాదు, స్నానంలో ఒంటికి కొట్టుకునే బర్చి చెట్టు ఆకుల వాసన కాదు. గంధకం కాలిన వాసన. షెడ్డు వాసన. ఉర్హో పోయిన వారానికే అతని పని బట్టలన్నీ ఆమె తగలబెట్టింది. ఆ వాసన ఈ ఇంట్లో మూడేళ్లుగా లేదు.

లోపల మాటలు వినబడుతున్నాయి. చెయ్యి గడియ మీద పెట్టి ఆగింది.

ఒక ఊపిరి వెయిక్కోది, తడిగా, బరువుగా. రెండోది సన్నగా ఈల వేస్తున్నట్టు... ఆగి... మళ్లీ ఈల. ఒక్క ముక్కులోంచే పోయే ఊపిరి. ఉర్హో ఆఖరి అయిదు నెలలూ ఆ ఈల పక్కనే పడుకుంది ఆమె.

"నొప్పేం ఉండదురా... ఒక్క గిల్లు..."

"అక్క ఒప్పుకోదు బావా."

"అక్కకేం తెలుసు... డాక్టరుకి తెలీదా..."

ఐలికి భయం వెయ్యాలి. వేసింది కూడా. కానీ ఆ ఆఖరి మాట చెవిన పడగానే భయం మీదుగా కోపం పొంగింది. తలుపు లాగింది.

ఆవిరి మొహాన కొట్టింది. వెయిక్కో కింది బల్ల మీద తల వంచుకుని కూచున్నాడు. ముక్కులోంచి రక్తం బొట్టు బొట్టుగా చెక్క మీద పడుతోంది. వాడు తుడుచుకోవడం లేదు. పై బల్ల మీద తెల్లటి తువ్వాలు పరిచి ఉంది. దాని మీద ఎవరూ లేరు. అయినా బల్ల మధ్యలో కిందికి వంగి ఉంది. తువ్వాలు మధ్యలో ఎర్రటి చుక్క. చుక్క అరచెయ్యంత అయింది. పళ్లెమంత అయింది...

"చచ్చి మూడేళ్లయింది," అంది ఐలి. గొంతు ఎక్కడికో లేచిపోయింది. "ఇంకా కంపెనీ మాటేనా నీకు? నువ్వు పోయిన దారిలోకి నా తమ్ముణ్ణి లాగుతావా? సిగ్గులేదూ?"

ఈల ఆగింది.

బకెట్టు ఎత్తి, నీళ్లన్నీ పొయ్యిలో కుమ్మరించింది. రాళ్లు పగిలాయి. నిప్పు బుస్సుమని చచ్చిపోయింది. దీపం ఆరింది. చీకట్లో తమ్ముడి జబ్బ దొరకబుచ్చుకుంది. బయటికి లాగుతుంటే కుడిచెవికి ఆనుకుని, చల్లగా...

"నా వంతు... అయిపోలేదు..."

మంచులో పడేసి, కోటు కప్పి, ఇంట్లోకి ఈడ్చుకొచ్చింది. కుర్చీలో కూలేసి ముక్కు గట్టిగా నొక్కి పట్టుకుంది. పావుగంటకి రక్తం ఆగింది.

"ఏం చేశావురా?"

"బావకి ఎవరూ వదలడం లేదని... నేనే ఒక గరిటె పోశా. తువ్వాలు పరిచా." వాడి పళ్లు టకటకలాడుతున్నాయి. "ఆ వేడికి ముక్కు మొత్తం తెరుచుకుందక్కా. అయిదు నెలల తరవాత గాలాడింది. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుని..."

"వాళ్ల వంతులో నువ్వు కూచున్నావా?"

వాడు తలూపాడు. పోయినవాళ్ల ఆవిరిలో బతికున్నవాడు కూచోవడం వాడి తప్పు. ఆ గదిలో అరవడం, ఆవిరిని మధ్యలో ఆర్పెయ్యడం తన తప్పు. పిలిచి కూచోబెట్టి, వంతు ముగియకుండా గెంటేశారు. గెంటేసినవాడు ఎక్కడికి పోతాడు? ఆ ఆలోచన వచ్చింది. పక్కకి తోసేసి పెట్టె సర్దింది.

ఆదివారం వాణ్ణి బస్సెక్కించింది. వాడు కిటికీ వైపు తిరిగి కూచున్నాడు. రెండు మూడుసార్లు పెదాలు కదిలాయి.

"ఎవరితోరా?"

"ఎవరితో లేదు."

కాసేపటికి మళ్లీ, "సోమవారమే కదా, ఆ," అన్నాడు అద్దంతో. ఐలి వాడి తొడ మీద గట్టిగా గిచ్చింది. "నీతో మాట్లాడాలంటే నా మొహం చూసి మాట్లాడు. అవతల వాడికి చెప్పు, ఈ బస్సులో వాడికి సీటు చెప్పలేదని."

సోమవారం పొద్దున పెద్దాసుపత్రిలో వరసలో కూచున్నారు. గోడ గడియారం పది చూపించగానే వెయిక్కో లేచి నిలబడ్డాడు, ఎవరో పిలిచినట్టు. ఎవరూ పిలవలేదు. ముక్కులోంచి రక్తం గడ్డం మీదికి దిగింది. అలా రక్తంతోనే లోపలికి తీసుకుపోయారు.

డాక్టరు మర్చిసన్ నలభై దాటిన మనిషి, బట్టతల. నుదుటికి అద్దం కట్టుకుని, దీపం పెట్టి, చాలాసేపు చూశాడు. లోపల దేన్నీ ముట్టుకోలేదు.

"దీన్ని ఇంతవరకూ ఎవరూ గిల్లలేదు కదమ్మా?"

"గిల్లనివ్వలేదు."

"మంచి పని చేశావు. ఎర్రగా ఉంది, కొట్టుకుంటోంది. దీనికి రక్తం ఎక్కణ్ణుంచి వస్తోందో చూశాకే ముట్టుకుంటాం."

ఐలి లేవలేదు. "మా ఆయనకీ ఇలాగే చూసుంటే?"

ఆయన అద్దం విప్పి బల్ల మీద పెట్టాడు. "చూడాల్సింది," అన్నాడు.

మూడేళ్లుగా ఒక్కరైనా ఆ మాట అంటారేమోనని ఎదురుచూసింది. అన్నాక కోపం తగ్గలేదు. ఇంకా పెరిగింది.

మంగళవారం మెడ పక్కన సూది గుచ్చి మందు ఎక్కించారు. మందు పారుతుంటే సెకండుకొకటి చొప్పున ఏడు ఫొటోలు తీశారు. ఐలి తలుపు బయట నిలబడింది. బెంచీ ఉంది, కూచోలేదు. లోపల్నుంచి వాడు నడిచి రాలేదు గానీ మంచం మీద కళ్లు తెరిచే వచ్చాడు. పై అంతస్తు వార్డులో పడుకోబెట్టారు. నిద్రపోయాడు. దిండు తెల్లగానే ఉంది. అది చూసుకునే డాక్టరు పిలిస్తే కిందికి దిగింది.

ఆయన దీపాల పెట్టె మీద ఫొటోలు వరసగా అతికించాడు. తమ్ముడి పుర్రె, పక్క నుంచి. బుగ్గ ఎముక వెనక తుట్టెలా ఒక గడ్డ, మందు నిండి వెలిగిపోతోంది. దాని లోపలికి వేళ్లూనుకున్నట్టు నాళాలు.

"రెండు దారులమ్మా. ఒకటి మెడలోంచి దవడ వెనకగా ఎక్కుతోంది. ఇది పెద్దది. ఇంకోటి కన్ను వెనక నుంచి. ముక్కులో ఎంత గుడ్డ కుక్కినా ఇవి ఆగవు. ఊరికే గిల్లుంటే..." ఆగాడు. "ఎల్లుండి ముందు ఈ దారులు కడతాం. రక్తం సీసాలు పక్కన పెట్టుకుని అప్పుడు ముక్క తీస్తాం. అది ఏ రకం గడ్డో అప్పుడు తేలుతుంది. అవకాశం ఉంది."

"అంటే బతుకుతాడు."

"ఎల్లుండి దాకా ఆ గడ్డ చెక్కుచెదరకుండా ఉంటే, అవకాశం ఉంది."

అంటూనే ఆయన మొదటి ఫొటో మీదికి వంగాడు. మొహం చిరాగ్గా పెట్టాడు. ఫొటోలు తీసిన అమ్మాయిని పిలిచాడు.

"వీడి తల ఎవరు పట్టుకున్నారు? ఫొటోలో చెయ్యి పడిందిగా."

"ఎవరూ పట్టుకోలేదండి. పట్టీతో కట్టాం. మందు వదిలాక మేమంతా అడ్డుగోడ వెనక్కి వచ్చేశాం."

ఐలి దగ్గరికి జరిగింది.

మొదటి ఫొటోలో దవడ కింద నాలుగు వేళ్ల ఎముకలు, అంచున. రెండోదాంట్లో చెంప మీద. మూడోదాంట్లో పై పెదవి దగ్గర. నాలుగోదాంట్లో బొటనవేలూ చూపుడువేలూ ముక్కు రంధ్రం ముందు కలుసుకున్నాయి. అయిదోదాంట్లో రెండో కణుపు దాకా లోపలున్నాయి. ఆరోదాంట్లో వెలుగుతున్న గడ్డని పట్టుకున్నాయి.

పైన, తమ్ముడి వార్డు వైపు, ఎవరో పరిగెత్తుతున్న చప్పుడు.

ఏడోదాంట్లో చెయ్యి లేదు. గడ్డ కింది అంచున గోరంత ముక్క గిల్లేసి ఉంది.