సైలెన్సర్‌లో స్టీల్ పీచు

బాతెల్ ఊళ్ళో చలికాలమంటే మంచు కాదు, వాన. ఏప్రిల్ వచ్చినా ఆగని ఆ వానలో బస్సు దిగి, తడిసిన గొడుగుతో మెట్లెక్కి వచ్చారు సరోజ గారు. ఇండియన్ గ్రోసరీ షాపు పైనున్న ఆ చిన్న ఆఫీసులో ప్రైవేట్ డిటెక్టివ్ మల్లికార్జునరావు మోకాలికి నొప్పి మందు రాసుకుంటున్నాడు. ఎవరో భార్య అనుమానపడిందని ఆ వారమంతా ఆవిడ భర్త వెంట తిరిగాడు. ఆ భర్త నిజంగానే రోజూ జిమ్‌కే వెళ్తున్నాడు.

"కూర్చోండమ్మా. నమ్రతా, ఆవిడకి కాస్త టీ."

నమ్రత ఆయన అసిస్టెంట్. బయోటెక్ కంపెనీలో ఉద్యోగం మానేసి మరీ వచ్చి చేరింది. రావు ఊరికే తల గోక్కున్నా అందులో ఏదో లోతు ఉందని ఆ అమ్మాయి నమ్మకం. చాలాసార్లు ఏమీ ఉండదు.

సరోజ గారు టీ ముట్టుకోలేదు. "మా బేస్‌మెంట్‌లో శ్రేయాస్ అని ఒకబ్బాయి అద్దెకుంటాడండీ. చలికాలానికని గరాజ్‌లో మూసిపెట్టిన మా కారుని వాడు దొంగతనంగా తీసి, ఎక్కడో గుద్ది, మళ్ళీ తెచ్చి పెట్టేశాడంటున్నారు మావారు. రేపు సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే పోలీస్ కంప్లెయింట్ ఇస్తారట. వాడికిప్పుడే కొత్త జాబ్ ఆఫర్ వచ్చింది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ నడుస్తోంది. ఈ టైంలో పోలీసులంటే ఆఫర్ పోతుంది, దాంతో వీసా పోతుంది. వాడు తీయలేదండీ."

"మీకెలా తెలుసు?"

గొడుగు కొస నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ వాటినే చూస్తూ, "తెలుసండీ" అన్నారు.

నమ్రత ఐడీ అడిగితే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి డ్రైవింగ్ లైసెన్స్ తీసిచ్చారు. కొత్తది, ఈ మధ్యే రెన్యూ చేయించుకున్నది.

"బస్సులో వచ్చారే? డ్రైవ్ చేయరా?" అన్నాడు రావు.

"మానేశానండీ. ఇంటి ముందు మెయిల్‌బాక్స్‌కి ఒకసారి కారు రాసుకుంది. ఆయన ఇంక వద్దన్నారు."

రావు లైసెన్స్ తిరిగిచ్చి, నిట్టూర్చి, రేపు పొద్దున వస్తామన్నాడు.

*

డాక్టర్ యోగానంద్ రిటైరైన గుండె సర్జన్. ఆయన గరాజ్ ఆపరేషన్ థియేటర్‌లా ఉంది. మధ్యలో ముప్పై ఏళ్ళ నాటి ఆకుపచ్చ గేర్ల కారు, వెనక బంపర్ మీద సొట్టతో.

"ప్రతి నవంబర్‌లో దీన్ని నేనే పడుకోబెడతాను," అన్నాడాయన, పేషెంట్ గురించి చెప్తున్నట్టు. "ట్యాంక్ పైదాకా నింపుతాను, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. టైర్లలో గాలి పెంచుతాను. బ్యాటరీకి ఛార్జర్ తగిలిస్తాను. ఎలుకలు దూరకుండా సైలెన్సర్ గొట్టంలో ఇనుప పీచు కుక్కుతాను. పైన కవర్. మొన్న కవర్ తీస్తే ఈ సొట్ట! పెట్రోల్ ముల్లు కూడా దిగింది."

"మీకెవరైనా సాయం చేస్తారా?"

"సాయమా? సరోజ టార్చ్ పట్టుకుంటుంది. అది కూడా వంకరగానే."

సరోజ గారు గుమ్మంలో నిలబడి కొంగు సర్దుకున్నారు.

"శ్రేయాస్ మీదే ఎందుకు అనుమానం?"

"తాళంచెవి ఇదిగో, ఈ మేకుకే ఉంటుంది. గరాజ్ కోడ్ వాడికి తెలుసు. ఫిబ్రవరిలో వాడి కారు మెకానిక్ దగ్గర పడుంది. అప్పుడే నేను ఊళ్ళో లేను, ఫ్రీమాంట్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాను. ఇంకేం కావాలయ్యా?"

"అప్పుడు మీ ఆవిడ ఇంట్లోనే ఉన్నారా?"

"ఉంది. ఏ చప్పుడూ వినలేదట."

రావు మూలుగుతూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వెనక టైరు గాడిలో ఎండిపోయిన పసుపుపచ్చ తొక్క ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. గోటితో లాగి వాసన చూసి, నమ్రతకిచ్చాడు. తర్వాత సైలెన్సర్ గొట్టంలోకి టార్చ్ వేశాడు. లోపల రింగులు రింగులుగా ఉన్న పీచు తళతళ మెరిసింది.

"డాక్టరు గారూ, మీరు పెట్టిన పీచు ఎలా ఉంటుంది?"

"హార్డ్‌వేర్ షాపులో దొరికే మెత్తటి రకం, బూడిద రంగుది. మర్చిపోయి స్టార్ట్ చేస్తానేమోనని ఎర్ర రిబ్బన్ కట్టి, కొస బయటికి వదులుతాను."

ఇక్కడ రిబ్బన్ లేదు. రావు బయటికి నడిచి, డ్రైవ్‌వే పక్క పొదల్లో చాలాసేపు వెతికాడు. చొక్కా పూర్తిగా తడిసిపోయాక ఒక తుప్పు ముద్దతో తిరిగొచ్చాడు. దానికి వెలిసిపోయిన రిబ్బన్ వేలాడుతోంది. నమ్రత కళ్ళు పెద్దవయ్యాయి.

*

బేస్‌మెంట్‌లో శ్రేయాస్ గడ్డం పెరిగి, నిద్ర లేక పీక్కుపోయి ఉన్నాడు. వంటగట్టు మీద మైక్రోవేవ్, పేపర్ ప్లేట్ల కట్ట తప్ప ఏమీ లేవు.

"నాకేం తెల్వదు సార్. అసల్ గా గేర్ల కారు నడపనీకే రాదు నాకు. అంకుల్‌కి చెప్తే అబద్ధమంటుండు."

"అందరూ అదే అంటారు బాబూ. కారు పడుకోబెట్టేటప్పుడు సైలెన్సర్‌లో పీచు పెడతారని తెలుసా?"

"సైలెన్సర్లనా? గదెందుకు సార్? పొగ ఎట్ల వోతది?"

రావు నవ్వబోయి, ఓపిక లేక మానేశాడు. "గిన్నెలు దేంతో తోముతావు?"

"గిన్నెలు ఏడున్నయ్ సార్?"

పైకి వెళ్ళాక రావు వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు అడిగి తాగాడు. గ్లాసు సింకులో పెడుతూ అక్కడే కాసేపు నిలబడ్డాడు.

*

సాయంత్రం అందరినీ గరాజ్‌లోకి పిలిచాడు. యోగానంద్ చేతిలో ఫోన్ ఉంది. శ్రేయాస్ గోడకి ఆనుకున్నాడు. సరోజ గారు ఒక స్టూల్ మీద కూర్చున్నారు.

"తొందరగా కానివ్వండి. ఒప్పుకున్నాడా?"

"అక్కడికే వస్తున్నా," అన్నాడు రావు. "ఈ తుప్పు ముద్ద మీరు నవంబర్‌లో పెట్టిన పీచు. కారు స్టార్ట్ చేయగానే పొగ ఒత్తిడికి ఎగిరి పొదల్లో పడింది. ఇంత తుప్పు పట్టిందంటే చాలా వానల్లో నానింది, అంటే కారు కదిలింది చలికాలంలోనే. మీరు చెప్పింది నిజమే. ఇప్పుడు గొట్టంలో ఉన్నది చూడండి. మెరుస్తోంది. ఇది గిన్నెలు తోమే స్టీల్ పీచు, తుప్పు పట్టదు. కారు తిరిగొచ్చాక ఎవరో ఖాళీ గొట్టం చూసి, ఇది కుక్కారు."

"వీడే కుక్కాడు!"

"వీడికి అక్కడ పీచు ఉంటుందనే తెలియదు. తెలియనివాడు కవర్ కప్పేసి వెళ్ళిపోతాడు. మళ్ళీ పెట్టింది ఆ పని దగ్గరుండి చూసినవాళ్ళు. పైగా వీడి గదిలో తోమడానికి గిన్నెలే లేవు, పై వంటింటి సింకులో మాత్రం ఇలాంటి పీచే ఉంది." రావు తొక్క ముక్క చూపించాడు. "ఇది నిమ్మకాయ. కారు దొంగిలించేవాడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తొక్కించి, అప్పుడు బయల్దేరడండీ. చాలాకాలం తర్వాత బండి తీస్తున్నాం, క్షేమంగా వెళ్ళి క్షేమంగా రావాలి అనుకునేవాళ్ళు పెడతారు. నేల తుడిచారు గానీ టైరు గాడిలో ముక్క చూసుకోలేదు."

పైకప్పు మీద వాన చప్పుడు.

"డ్రైవింగ్ మానేసినవాళ్ళు లైసెన్స్ రెన్యూ చేయించుకోరు కదమ్మా?" అన్నాడు రావు మెల్లగా.

సరోజ గారు తలెత్తలేదు. "నేనేనండీ. వెనక్కి పెడుతుంటే గోడకి తగిలింది."

యోగానంద్ నోరు తెరుచుకుంది. "నువ్వా? ఎక్కడికెళ్ళావు సరోజా?"

"ఎక్కడికీ లేదు. పక్కూరు రెడ్‌మండ్ దాటి లేక్ దాకా వెళ్ళి, కాసేపు కూర్చుని వచ్చేశాను."

"ఎందుకు?"

"ఆ రోజు వాన ఆగింది," అన్నారావిడ. "మొన్నే చెబుదామనుకున్నానండీ. మెయిల్‌బాక్స్ సంగతే మీరు ఇన్నేళ్ళూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వారు. ఇంక ఇది కూడానా అని నోరు రాలేదు."

"మీకు నోరు రాకపోతే ఈ కుర్రాడి బతుకు పోయేదమ్మా," అన్నాడు రావు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"అందుకే కదండీ మీ దగ్గరికొచ్చాను. నేను చెప్పలేనిది మీరైనా చెప్తారని." ఆవిడ శ్రేయాస్ వైపు తిరిగారు. "తప్పు నాది నాన్నా."

శ్రేయాస్ గోడకి అలాగే జారి నేల మీద కూర్చున్నాడు. "పర్లేదు ఆంటీ. జర నిద్ర పోనియ్యుండ్రి చాలు."

"సారీ శ్రేయాస్," అన్నాడు యోగానంద్. ఫోన్ జేబులో పెట్టుకుని చాలాసేపు సొట్ట వైపు చూశాడు. తర్వాత వంగి, సైలెన్సర్ గొట్టంలోంచి స్టీల్ పీచు లాగేశాడు.

రావు, నమ్రత బయటికొచ్చి తమ కారెక్కారు.

"సార్, ఆవిడేనని మీకెప్పుడు తెలిసింది?"

"'తెలుసండీ' అన్నప్పుడే అనుమానం. ఆవిడ నోటితోనే చెప్తుందేమో, ఈ మోకాళ్ళు వంచే పని తప్పుతుందేమో అని చూశా."

నమ్రత దాన్ని కూడా గొప్ప మాటలాగే విని తలూపింది. రావు వైపర్లు ఆన్ చేస్తూ గరాజ్ వైపు చూశాడు. యోగానంద్ మేకు మీది తాళంచెవి తీసి భార్య చేతిలో పెట్టాడు. కారు చుట్టూ నడిచి వెళ్ళి, తానెప్పుడూ కూర్చోని పక్కసీటు తలుపు తెరిచాడు. కూర్చోబోతూ ఆగి ఏదో అడిగాడు. వానలో సగమే వినిపించింది.

"...ఫ్రిజ్‌లో నిమ్మకాయలున్నాయా?"